నల్ల గొంగళి కప్పుకున్న నీలిపాచి

ఒకప్పుడు నీలిపాచికి చలి అంటే ఏమిటో తెలియదు.

నీలిపాచిని మీరు చూసే ఉంటారు. నీళ్ళ తొట్టి చుట్టూ పచ్చగా, జిడ్డుగా పట్టి ఉంటుందే, కాలు వేస్తే సర్రున జారి నడుం విరగ్గొడుతుందే, అదే. అమ్మలు చీపురు పుచ్చుకుని గీకి పారేస్తారు. పాపం, దాని సంగతి తెలిస్తే ముందు ఒక దణ్ణం పెట్టి తర్వాత గీకుతారు.

ఎందుకంటే ఆ కాలంలో భూమ్మీద చెట్టు లేదు, పిట్ట లేదు, చేప లేదు, చీమ లేదు. మనుషుల మాట సరే సరి. ఉన్నవల్లా రాయి, నీరు, గాలి, ఎండ. వాటి మధ్య నీలిపాచి. అది ఎండ తిని, నీళ్ళు తాగి, బుడగలు బుడగలుగా ఊపిరి వదిలేది. ఈ లోకానికి ఊపిరి పోసింది అదే. కంటికి ఆనని ప్రాణి ఇంత పని చేసిందా అని నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

వాళ్ళ ఊరు ఒక వేడినీటి గుండం. భూమి కడుపులోంచి నీళ్ళు సలసలా కాగుతూ పైకి ఉబికేవి. నడిమధ్య చెయ్యి పెడితే బొబ్బలెక్కేంత వేడి, అంచుల్లో ఒంటికి హాయిగా గోరువెచ్చన. నీలిపాచి జనమంతా ఆ అంచుల్లోనే కాపురం. పల్చటి ఒళ్ళు, పచ్చటి రంగు, కాలు ఒకచోట నిలవని తొందర.

వాళ్ళలో పుట్టడాలూ పెళ్ళిళ్ళూ లేవు. ఒకరు నడిమికి చీలి ఇద్దరయ్యేవారు, అంతే. ఆ ఇద్దరిలో ఎవరు తల్లి, ఎవరు కూతురు? చీలినవాళ్ళకే తెలియదు. అందుకని తగాదా లేకుండా ఒకరినొకరు "అక్కా" అని పిలుచుకునేవారు. గుండం నిండా అందరూ అక్కలే, చెల్లెలన్నది మందుకైనా దొరకదు!

వాళ్ళకి ఇంకో అలవాటు ఉంది. ఏ కష్టం వచ్చినా వాళ్ళకి తెలిసిన ఉపాయం ఒకటే, చీలిపోవడం. ఎండ ఎక్కువైందా, చీలు. నీరు తగ్గిందా, చీలు. సగంమంది పోయినా సగంమంది మిగులుతారు కదా అని వాళ్ళ ధైర్యం. మొదలుపెట్టిన చీలిక మధ్యలో ఆపడమన్నది వాళ్ళ వంశంలోనే లేదు. ఆగిందంటే పోయిందన్నమాటే అనుకునేవారు.

ఒక పొద్దున ఒకామె చీలి ఇద్దరైంది. ఒకర్ని చెమ్మక్క అన్నారు, ఇంకొకర్ని ఊటక్క అన్నారు. ఇద్దరూ ఇంకా పక్కపక్కనే అంటుకుని ఉన్నారు. అప్పుడు గాలిమావ వచ్చి గుండం ఒడ్డున కూలబడ్డాడు. లోకమంతా తిరిగే గాలిమావ ఆ రోజు గడగడా వణుకుతున్నాడు.

"ఏమైంది మావా? అలా వణికిపోతున్నావేంటి?" అంది చెమ్మక్క.

"భూమి కొసదాకా పోయొచ్చానే పిల్లా. అక్కడ నీళ్ళు నిలబడి ఉన్నాయి."

గుండమంతా పకపకా నవ్వింది. "నీళ్ళు నిలబడటమేంటి మావా, వాటికి కాళ్ళెక్కడివి?"

"నవ్వండి, నవ్వండి. నేను కళ్ళారా చూశా. పారవు, ఉబకవు, ఆవిరి కావు. కొండలకి కొండలు నీళ్ళే గట్టిగా నిలబడి తళతళలాడుతున్నాయి. వాటి మధ్య ఒక బండ తాత ఉన్నాడు. భూమి పుట్టినప్పట్నుంచీ ఒంటరివాడు. 'ప్రాణమున్నది ఒక్కటైనా నా మీద బతికితే చూసి కళ్ళు మూసుకుంటాను' అన్నాడు. ఎవరైనా వస్తారా మీలో?"

నవ్వులు ఆగిపోయాయి. అందరూ గోరువెచ్చని నీళ్ళలోకి ముడుచుకున్నారు. చెమ్మక్క మాత్రం ముడుచుకోలేదు. నిలబడిన నీళ్ళని చూడాలని ఆమె మనసు కొట్టుకులాడింది.

"నేనొస్తా మావా."

ఊటక్క ఆమెకి ఇంకా దగ్గరగా జరిగింది. "నీకు మతి పోయిందా అక్కా? పొద్దున్నే కదా ఇద్దరమయ్యాం. నీ ఒంటి తడి నా ఒంటిమీద ఇంకా ఆరనైనా లేదు."

"చూసొస్తానక్కా. బతికుంటే మావ చేత కబురంపుతా."

"కబురు రాకపోతే?"

చెమ్మక్క ఊటక్కని ఒకసారి గట్టిగా ఒరుసుకుని, ఒడ్డున ఎండలోకి ఎక్కి కూచుంది. ఆమెని చూసి ఇంకో గుప్పెడుమంది అక్కలు ధైర్యం చేసి పైకెక్కారు. గాలిమావ వాళ్ళని ఆరబెట్టి, దుమ్ములో కలిపి, భుజానెత్తుకున్నాడు.

భూమి కొసకి చేరగానే చెమ్మక్క చుట్టూ చూసింది.

ఎటు చూసినా తెలుపు. ఆ తెలుపులో నీలం, నీలంలో మళ్ళీ తెలుపు. నీళ్ళు నిజంగానే నిలబడి ఉన్నాయి! సూర్యుడు అస్తమించకుండా ఆకాశం అంచు వెంబడి చుట్టూ చుట్టూ తిరుగుతున్నాడు. చప్పుడన్నది లేదు. గుండంలో ఎప్పుడూ బుడబుడమనే మోత వింటూ బతికిన ప్రాణానికి ఆ నిశ్శబ్దం చూసి భయమూ వేసింది, చేతులు జోడించాలనీ అనిపించింది.

"వచ్చారా తల్లీ?" అన్నాడు బండ తాత. గొంతు గరగరమంది, ఎన్నాళ్ళుగానో వాడని గొంతు కదా. "నా నెత్తిమీద చిన్న గుంట ఉంది. ఎండకి అందులో కాస్త మంచు కరిగింది. దిగండి."

దిగారు. నీళ్ళు జివ్వుమన్నాయి. అందరూ కెవ్వుమన్నారు.

అప్పుడు చప్పుడు చెయ్యకుండా ఒక ముసలావిడ వచ్చి గుంట పక్కన కూచుంది. శీతవ్వ. భూమి కొసలన్నీ ఆమెవే.

"ఇంత పల్చటి ఒళ్ళేసుకుని వచ్చారేమే?" అంది నెమ్మదిగా.

"మమ్మల్ని ఏం చేస్తావవ్వా?" అంది చెమ్మక్క.

"నేనేమీ చెయ్యనమ్మా. నా పక్కకి వచ్చినవాళ్ళు కాసేపు ఆగుతారు, అంతే."

ఆ మాట వాళ్ళ చెవికెక్కలేదు. ఎక్కితే కథ వేరేగా ఉండేది. గుండం నుంచి తెచ్చుకున్న తొందరంతా కట్టగట్టుకుని పనిలోకి దిగారు. ఎండ తిన్నారు, చీలడం మొదలుపెట్టారు. కానీ ఒళ్ళు కొయ్యబారిపోయి పని ముందుకి సాగదు. గుండంలో చిటికెలో అయ్యే చీలిక ఇక్కడ ఈడ్చి ఈడ్చి సగానికి రావడమే గగనమైంది.

"కానివ్వండే! పదిమందిమైతే వెచ్చగా ఉంటుంది!" అని అరిచింది బుడగక్క. ఆమె అందరికంటే చురుకైనది.

ఇంతలో ఒక మబ్బు ఎండకి అడ్డొచ్చింది. గుంటలో నీళ్ళు బిగుసుకున్నాయి. అక్కల ఒళ్ళలో ఉన్న నీళ్ళు కూడా బిగుసుకుని సూదులయ్యాయి. పల్చటి ఒళ్ళు ఆ సూదుల్ని ఎలా ఆపుతాయి? ఒకామె టప్పున పగిలింది. ఆ పక్కామె, ఆ పక్కామె.

"పోతున్నారే! చీలండి, చీలండి!" అంది బుడగక్క. పోతున్నకొద్దీ మిగిలినవాళ్ళు ఇంకా తొందరపడ్డారు. తొందరపడ్డకొద్దీ ఇంకా పోయారు. చివరికి సగం చీలిన బుడగక్క "అక్కా, నన్ను పట్టుకో" అంటూనే పగిలిపోయింది.

చెమ్మక్కకి దుఃఖం పొంగుకొచ్చింది. "ఏమీ చెయ్యనని చెప్పి మా అక్కని ఎందుకు పగలగొట్టావవ్వా? నీకేం పాపం చేసింది?" అని ఏడ్చింది.

శీతవ్వ ముఖం చిన్నబోయింది. "నేను పగలగొట్టలేదే తల్లీ. దాని లోపలి నీళ్ళే పగలగొట్టాయి. నీళ్ళు పడుకుంటే తక్కువ చోటు చాలు. నిలబడ్డాయంటే ఎక్కువ చోటు కావాలి. పల్చటి ఇంట్లో, అందులోనూ గోడ సగం కట్టిన ఇంట్లో, అవి నిలబడితే ఇల్లు ఉంటుందా?"

అప్పటికి చెమ్మక్క చీలిక కూడా సగంలో ఉంది. నడుం దగ్గర సన్నబడి, రెండు ముక్కలూ ఒక పోగు మీద వేలాడుతున్నాయి. మబ్బు ఇంకా తొలగలేదు. ఆమె లోపల కూడా ఒకటీ అరా సూదులు గుచ్చుకోవడం మొదలైంది.

ఆగాలి. అవ్వ చెప్పింది అదే. కానీ ఎలా ఆగడం? ఆగినవాళ్ళని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఆగడమంటే చావడమేనని కదా అందరూ చెప్పారు! అక్కడ గుండంలో ఊటక్క కబురు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. తను పోతే ఆ కబురు ఎప్పటికీ వెళ్ళదు.

చెమ్మక్క భయపడుతూనే చీలిక ఆపేసింది.

నీలిపాచి పుట్టిన తర్వాత ఒక ప్రాణి మధ్యలో ఆగడం అదే మొదటిసారి. ఆమె ఒంట్లో నీళ్ళు సగం బయటికి తోసేసింది. నీలిపాచి తిన్న ఎండని లోపల తీపిగా మార్చి దాచుకుంటుంది, ఆ తీపిని మిగిలిన నీళ్ళలో కలిపి చిక్కగా పాకం పట్టింది. పాకం అంత త్వరగా గడ్డకట్టదని వంటింట్లో తిరిగేవాళ్ళకి ఎవరికైనా తెలుసు. ఇంకొంత తీపిని జిగురు చేసి ఒంటిచుట్టూ దట్టంగా పూసుకుంది. అక్కడి ఎండ వెచ్చగా ఉండదు కానీ ఒంటిమీద పడితే చురుక్కుమని మాడుస్తుంది. అందుకని ఆ జిగురుకి కాటుకలాంటి నల్లరంగు కూడా అద్దింది. చివరికి గొర్రెలు కాసేవాళ్ళ గొంగళి కప్పుకున్నట్టు తయారైంది.

మిగిలిన కొద్దిమంది అక్కలూ కళ్ళప్పగించి చూశారు. "ఆగిపోయావా అక్కా? అంటే నువ్వు..."

"పోలేదు. మాటలాడుతున్నా కదటే! చీలికలాపి లోపలికి రండి, తొందరగా. కాదు కాదు, నెమ్మదిగా రండి."

అందరూ ఒకే గొంగళిలో దూరి ఒకరిమీద ఒకరు పరుచుకున్నారు. సూర్యుడు రోజురోజుకీ కిందికి జారి, ఒకనాడు భూమి వెనక్కి వెళ్ళిపోయాడు. గుంట అడుగుదాకా గట్టిపడింది. శీతవ్వ వచ్చి వాళ్ళ పక్కన కూచుంది. చెమ్మక్క ఆగింది. ఆకలి ఆగింది, ఏడుపు ఆగింది, తలపు కూడా ఆగిపోయింది. ఎంతకాలమని అడక్కండి. ఆగినవాళ్ళకి లెక్క తెలియదు, చూసినవాళ్ళు ఎవరూ లేరు.

మళ్ళీ సూర్యుడు వచ్చాడు. మంచు కరిగి ఒక చుక్క జారి నల్ల గొంగళి మీద పడింది. గొంగళి ఉబ్బింది. చుక్క లోపలికి ఇంకింది. చెమ్మక్క ఒళ్ళు మెల్లగా నిండింది, పచ్చబడింది.

ఆ తర్వాత చెమ్మక్క తను ఎక్కడ ఆపిందో సరిగ్గా అక్కడే మొదలుపెట్టి, ఆ పాత చీలికని పూర్తి చేసింది! రెండో ముక్క విడివడి, ఒళ్ళు విరుచుకుని, "ఏంటక్కా, ఇంతసేపు చేశావు?" అంది. పాపం, దానికేం తెలుసు!

వాళ్ళు ఎండ తిని, ఎవరి గొంగళి వాళ్ళు పూసుకున్నారు. ఒక బుడగ పైకి లేచింది. భూమి కొసలో మొట్టమొదటి ఊపిరి. శీతవ్వ తన చలి అంతా మరిచిపోయి ఆ బుడగనే చూస్తూ కూచుంది. గాలిమావ దాన్ని పగలకుండా ఎత్తుకుని గుండం వైపు ఒకటే పరుగు.

గుండంలో ఊటక్క కోసం వెతికాడు. "నేనే ఊటక్కని" అంది ఒకామె. "నేనూ ఊటక్కనే" అంది ఇంకొకామె. "నేను, నేను, నేను" అని గుండమంతా అరిచింది. ఈలోపు ఊటక్క ఎన్నిసార్లు చీలిందో! అందరూ ఊటక్కలే, అందరికీ చెమ్మక్క మీద బెంగే. కబురు వినగానే అందరూ ఒకేసారి ఏడ్చేసరికి గుండం పొర్లిపోయింది. అందులో ఒక ఊటక్క ఉండబట్టలేక గాలిమావ భుజమెక్కి బయల్దేరింది.

"ఇంత నల్లగా అయిపోయావేంటక్కా?" అంది రాగానే.

"నల్లబడలేదు, గొంగళి కప్పుకున్నా."

"ఇన్నాళ్ళకి ఎంతమందయ్యారు?"

"ఇదిగో, ఈ గుంటలో కనిపిస్తున్న ఈ కాస్తమందే."

"ఇంతేనా! నేను ఒక పూటలో అయ్యేంతమంది!" అని ఊటక్క కిలకిలా నవ్వింది. చెమ్మక్క కూడా నవ్వింది. ఇద్దరూ తనివితీరా ఒరుసుకున్నారు.

ఒరుసుకుంటూ ఉండగానే ఎండ వాలింది. నీళ్ళు జివ్వుమన్నాయి. ఊటక్క ఒళ్ళు పాత అలవాటుగా చీలడం మొదలుపెట్టింది.

"ఆగక్కా! ఆగు!" అని అరిచింది చెమ్మక్క.

"ఎలా ఆగాలక్కా? నాకు రావడం లేదు. నా ఒంటికి ఆగడం తెలియదు!"

లక్షసార్లు చీలిన ఒళ్ళు అది. తొందర దాని ఎముకల్లో, అదే, ఎముకలుంటే, ఇంకిపోయింది. లోపల పాకం లేదు, పైన జిగురు లేదు. ఒక సూది గుచ్చుకుంది. బుడగక్క పగిలిన చప్పుడు చెమ్మక్క చెవుల్లో మోగింది. ఇంకేమీ ఆలోచించకుండా తన గొంగళిలో సగం చింపి ఊటక్క చుట్టూ చుట్టేసింది.

"మావా, తీసుకుపో! వేడి తగిలేదాకా ఎక్కడా దించకు!"

"నువ్వూ రాక్కా. అక్కడ వెచ్చగా ఉంటుంది" అంది ఊటక్క వణుకుతూ.

చెమ్మక్కకి ప్రాణం లాగేసింది. "వెచ్చదనం నాకు చేదా అక్కా? నాలుగు ఎండలు ఎక్కువ కాస్తే చాలు, నా ఒళ్ళూ తేలికపడి పని చకచకా సాగుతుంది. చలి ఇష్టమై ఇక్కడ లేను. నేనొచ్చేస్తే ఈ తాత మీద ఊపిరి తీసేవాళ్ళు ఉండరు. నువ్వు వెళ్ళు."

గాలిమావ ఊటక్కని ఎత్తుకుని వెళ్ళిపోయాడు. సగం గొంగళితో చెమ్మక్క మిగిలింది. ఆ ఏడు కొత్త మంచు కురవలేదు. పాత మంచు కొండలు చలికి చుక్కైనా వదల్లేదు. గుంట ఎండిపోయింది. మిగతా అక్కలు తమ గొంగళి అంచులు లాగి ఆమెమీద కప్పబోతే అవి చాల్లేదు. చెమ్మక్క పాకాన్ని ఇంకా చిక్కబరిచి, నీళ్ళని ఇంకా వదిలేసి, వదిలేసి, చివరికి కరకరలాడే ఒక నల్లటి పెళుసు అయిపోయింది.

"పోయిందా?" అన్నాడు బండ తాత.

శీతవ్వ వంగి చూసింది. చాలాసేపు చూసింది. "నాకూ తెలియడం లేదు తాతా" అంది.

బండ తాత తట్టుకోలేకపోయాడు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ కదలనివాడు, ఇప్పుడూ కదల్లేడు. తనకి చేతనైంది ఒకటే. ఎండ పడ్డ ప్రతిసారీ ఆ వేడిని వదలకుండా నల్లటి వీపులో పట్టి ఉంచాడు. కొద్దికొద్దిగా కూడబెట్టాడు. తన పక్కన నిలబడ్డ ఒక మంచు అంచు ఆ వేడికి చెమర్చింది. ఒక చుక్క ఊరింది. వాలు వెంబడి దొర్లుతూ వచ్చి ఆ నల్లటి పెళుసు మీద పడింది.

ముగ్గురూ దాన్నే చూశారు. తాత, అవ్వ, ఊటక్కని గుండంలో దించి వచ్చిన గాలిమావ.

పెళుసు మెత్తబడింది. అంచున ఒకచోట నలుపు కింద పచ్చదనం తొంగిచూసింది. తర్వాత, ఎంతో నెమ్మదిగా, సూదిమొనంత బుడగ ఒకటి పైకి లేచింది.

అప్పటినుంచే వేడిగుండాల నీలిపాచి చలి గాలి తగిలితే నిలవలేదు. భయపడి కాగే నీళ్ళకి ఇంకాస్త దగ్గరగా జరిగి, పల్చగా, పచ్చగా, పూటపూటకీ చీలుతూ పెరుగుతుంది. అప్పటినుంచే భూమి కొసల్లోని నీలిపాచి నల్లటి జిగురు కప్పుకుని, ఏళ్ళ తరబడి వేలెడంత మేర పాకుతుంది. కాస్త వెచ్చబడితే హుషారు పుంజుకుంటుంది కానీ, ఎంత వెచ్చబడినా గుండం అక్కల పరుగు దానికి రాదు. గడ్డకట్టినా పగలదు, ఎండినా పాడవదు. రాతిమీద మాడిన కాగితంలా పడి ఉంటే దాటుకుంటూ పోతాం. ఒక్క చుక్క నీళ్ళు పోసి ఓపిగ్గా చూడండి, పచ్చబడి ఊపిరి వదులుతుంది. అందుకని ఎక్కడైనా కనిపిస్తే చచ్చిపోయిందని తొందరపడి అనకండి. అది ఆగింది, అంతే.